ఆకాశానికి కనబడని చేను

పోతయ్య చేనును నేను కళ్ళారా చూశాను. నాలుగెకరాల పోడు. చర్ల ఊరవతల, అడవిలో మా బడికి వెళ్ళే దారిలోనే ఉంటుంది. అక్కడ జొన్న కోతలు మొదలైతే నా క్లాసు సగం ఖాళీ. అంత ఎరిగిన చేను కాబట్టే రెండువేల తొమ్మిదిలో అటవీ హక్కు పట్టాకు ఆయన దరఖాస్తు నేనే రాసిచ్చాను. ఇందులో తేడా ఏమొస్తుందిలే అనుకున్నాను.

వచ్చింది. విచారణకు పిలిచిన రోజు ఆఫీసరు కంప్యూటర్ తెర మా ఇద్దరి వైపు తిప్పాడు. ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటో. చేను ఉండాల్సిన చోట ఒక పచ్చటి ముద్ద.

"ఇక్కడ చేను లేదు. అడివే."

"ఇప్పచెట్లు సారూ గవి," అన్నాడు పోతయ్య. "కోయోళ్ళం మేము, ఇప్పచెట్టు కొట్టం. పోడు కొట్టినా దాన్ని ఇడుస్తం. చేను చెట్ల కింద ఉన్నది."

"కింద ఏమున్నదో ఫొటోకు తెలవదు."

"ఫొటోకు తెల్వకుంటే లేనట్టేనా? మరి నేను దున్నేది ఏంది?"

ఆఫీసరు తెరమీద ఫొటోను కొంచెం పక్కకు జరిపాడు. పక్క చేను జంపయ్యది. ఆచారం గీచారం చూడకుండా అన్నీ నరికిన మనిషి. ఆయన చేను తెరమీద తెల్లగా కనబడింది, పట్టా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరూ చూడనంత మాత్రాన ఉన్నది లేకుండా పోదని ఐదో తరగతికి ఏటా చెబుతాను. ఆ గదిలో మాత్రం నోరెత్తలేదు.

జీపులో తిరిగొస్తుంటే పోతయ్య ఒక్కటే అడిగాడు. "పైకి కనబడాల్నంటే ఏం జెయ్యాలె సారూ?"

"చెట్లే అడ్డమొచ్చినయి పోతయ్యా. లేకుంటే కనబడేది," అన్నాను, ఆ కోపంలోనే.

వేసవి సెలవులైపోయి బడి తెరిచిన రోజు ఆ దారిన వెళ్ళాను. ఇరవై ఆరు ఇప్పచెట్లూ నేలమీద ఉన్నాయి. పోతయ్య భార్య సమ్మక్క ఒక మొద్దు పక్కన కూర్చుని ఉంది.

"ఇగ పువ్వు యాడ ఏరుతం సారూ," అంది, నా వైపు చూడకుండా.

పోతయ్య ఎదురొచ్చాడు. రెండు చేతులకూ బొబ్బలు.

"ఇగ కనబడ్తది గద సారూ. మల్లొకసారి జూడమను."

ఆ ఫొటో నాలుగేళ్ళ కిందటిది. తెర మూలన తేదీ ఆ రోజే చదివాను. చట్టం ప్రకారం రెండువేల ఐదు నాటికే చేను ఉండాలి, అందుకు ఆఫీసుకు ఆ పాత ఫొటోనే లెక్క, మళ్ళీ ఎవరూ చూడరు. పోతయ్యకు చదువు రాదు. చెబితే మనిషి అక్కడే కూలబడతాడని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి నాకు ముఖం లేదు.

"చూస్తరు," అన్నాను.

ఆయన చొక్కా సర్దుకుని చేను మధ్యకు పోయాడు. ఆకాశం వైపు తలెత్తి, ఫొటో దిగేటప్పుడు నిలబడ్డట్టు, కదలకుండా నిలబడ్డాడు.