బడంగ్‌పేట గప్పీలు

దిల్‌సుఖ్‌నగర్‌లో రంగు చేపలు అమ్మే కొట్టతను నాతో పందెం కాసి ఉంటే ఈపాటికి గుండు గీయించుకుని తిరిగేవాడు. "గప్పీలు వెచ్చటి నీళ్ల చేపలు మేడమ్. బయట తొట్టిలో వేస్తే ఎండాకాలం ఆడతాయి, చలికాలం పోతాయి. హీటర్ తీసుకోండి" అన్నాడు. ఆరుబయట తొట్టికి హీటరేమిటి, వింటే నవ్విపోతారు. నేను చేపల్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పోయించుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని బడంగ్‌పేట తెచ్చుకున్నాను.

అప్పట్లో బడంగ్‌పేట ఇంకా పంచాయతీయే. ఇళ్లకన్నా ఖాళీ ప్లాట్లు ఎక్కువ, ప్లాట్లకన్నా గాలి ఎక్కువ. చైతన్యపురిలో స్వెట్టర్ తీసేసే వేళకి మా దగ్గర మఫ్లర్ కట్టుకోవాలి. మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గోడలు తడపడానికని వీధి వైపు ఒక సిమెంటు తొట్టి కట్టాడు. సగం నేలలో, సగం పైన. దిగితే నా నడుం దాకా లోతు. ఇల్లు పూర్తయ్యాక ఎవరైనా అలాంటి తొట్టిని పగలగొట్టి పూడ్చేస్తారు. మావారు సాంబమూర్తి కూడా పూడ్పిద్దామన్నారు. నేను పూడ్చనివ్వలేదు. తెనాలి దగ్గర కాలవ గట్టున పుట్టినదాన్ని, పొద్దున్నే తలుపు తీస్తే కాసిని నీళ్లు కనబడకపోతే నాకు ముద్ద దిగదు.

మొదటి చలికాలం కొట్టతని మాటే నిజమైంది. విసనకర్రల్లాంటి తోకలున్న అందగాళ్లంతా రోజుకి కొందరు చొప్పున తేలారు. నేను ఏడ్చాను కూడా. కానీ సంక్రాంతి దాటాక చూస్తే, అడుగున నాచులో దూరిన నాలుగైదు మిగిలాయి. వేసవిలో అవి పిల్లల్ని పెట్టాయి. గప్పీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. రెండో చలికాలానికి ఆ పిల్లల్లో సగానికి పైగా నిలిచాయి. వాటికి తోక పొట్టి, ఒళ్లు మట్టి రంగు, పక్కన పసుపుకొమ్ము గీసినట్టు చిన్న మచ్చ. అందం గురించి అడక్కండి. నిలబడ్డాయి, అంతే. చలి ఏరగా మిగిలినవాటిని నేను కనిపెట్టుకుని ఉన్నాను. ఎండెక్కాకే చిటికెడు తిండి వేయాలి. చలికి వాటికి అరగదు. పొద్దువాలగానే తొట్టి మీద పాత ఫ్లెక్సీ కప్పాలి. నీళ్లు తగ్గితే మలుపులో ఉన్న బోరింగు కొట్టి పోయాలి. చలికాలంలో బోరింగు నీళ్లు ఆవిర్లు కక్కుతూ వస్తాయి. ఇదంతా ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు, చేపల్ని చంపుకుని నేర్చుకున్నాను. ఆ గర్వం నాకుంది. ఉండకూడదా?

మూడో చలికాలం ముందు వచ్చింది తంటా. మా వీధిలో ఎవరికో డెంగ్యూ జ్వరం వచ్చి దవాఖానలో చేరేసరికి అందరి చూపూ నా తొట్టి మీద పడింది. కాలనీ మీటింగు పెట్టారు. అవి ఎలాంటి రోజులో మీకు తెలుసు. బందులు, ధర్నాలు, తెలంగాణ మీద కమిటీ రిపోర్టు కోసం ఎదురుచూపులు. మా కాలనీలో సగం మంది కోస్తావాళ్లు, సగం మంది నల్లగొండ వాళ్లు. అధ్యక్షుడు ఉపేంద్ర గారిది భీమవరం, కార్యదర్శి అంతయ్యది నకిరేకల్ దగ్గర. ఆ ఇద్దరూ ఏడాదిగా ఒకరి టీ ఒకరు తాగలేదు. అలాంటివాళ్లు నా తొట్టి పగలగొట్టాలన్న దాని మీద మాత్రం ఒక్క నిమిషంలో ఏకమైపోయారు. ఎదురింటి అరుణమ్మ కూడా చెయ్యెత్తింది.

"మా చేపలు దోమల పిల్లల్ని తినేస్తాయండీ. తొట్టి పగలగొడితే ఆ దోమలు ఎక్కడికి పోతాయి, మీ కుండీల్లోకే" అన్నాను.

"చలికాలం వస్తే చేపలుంటయా అమ్మా?" అన్నాడు అంతయ్య. "చచ్చిన చేపల నీళ్లల్ల దోమలు ఇంకింత పెరుగుతయి."

"ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా. ఆ పొద్దున వచ్చి చూడండి. బతికుంటే తొట్టి ఉంటుంది. చచ్చిపోతే మీరు గునపం తెచ్చుకోనక్కర్లేదు, నేనే కొడతాను."

మావారు నా కొంగు లాగుతూనే ఉన్నారు. నోరు జారాక కొంగు లాగి ఏం లాభం?

అప్పటి నుంచి నాకు నిద్ర కరువైంది. ఈ ఊళ్లో ఇల్లు మావారిది, ఉద్యోగం మావారిది, చివరికి చుట్టుపక్కలవాళ్లు నన్ను పిలిచే పేరు కూడా మావారిదే. సాంబమూర్తి గారి మిసెస్. నాదంటూ ఇక్కడ ఉన్నదేదైనా ఉంటే, ఆ తొట్టిలో ఉంది.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒకనాడు మా మలుపు దగ్గర రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యనే రాళ్ల పొయ్యిలు, పెద్ద డేగిశాల్లో అన్నం, పప్పుచారు. అరుణమ్మ ముందుండి నడిపిస్తోంది. అంతయ్య మైకు పట్టుకున్నాడు. కోస్తావాళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. మావారు మా తలుపుకి గొళ్లెం పెట్టి, దాని ముందు కుర్చీ కూడా వేశారు. ఎందుకొచ్చిన గొడవ, మనవాళ్లెవరూ బయటికి రావడం లేదు కదా అన్నారు.

నాలుగు దాటాక కుర్చీ జరిపి బయటికి వచ్చాను. ఫ్లెక్సీ కప్పే వేళ అది. చూస్తే తొట్టి నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. పైన మీగడ తేలుతోంది. గప్పీలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే పక్కకి వాలాయి. వేలు ముంచి నాకి చూశాను. గంజి.

నా ఒళ్లు మండిపోయింది. తిన్నగా రోడ్డు మీదికి వెళ్లి, పొయ్యిల మధ్య నిలబడి అరుణమ్మని నిలదీశాను. "నీకు తొట్టి పోవాలనుంటే గునపంతో కొట్టు, పడతాను. చేపల నోట్లో గంజి పోసి చంపుతావా? మీ తెలంగాణ నా చేపల్ని చంపితేనే వస్తుందా?"

మైకు ఆగిపోయింది. ఆ మాట అనకూడదని నోట్లోంచి పడ్డాక తెలిసింది. మావారు గుమ్మంలో కొయ్యబారిపోయి కనబడ్డారు. అరుణమ్మ మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నవక్కా? నేను ఇక్కడికెళ్లి కదల్లే. ఎవ్వలు పోసిన్రు గంజి?"

విస్తళ్ల పక్కన కూర్చున్న ఒక ముసలామె చెయ్యెత్తింది. అరుణమ్మ అత్తగారు. ఊరి నుంచి వచ్చి వారం కూడా కాలేదు. "నేనే పోసిన బిడ్డా. ఇంత మంచి గంజి రోడ్డు మీద పారబోస్తే పాపం తగుల్తది. గోలెం కనవడ్డది, రెండు బిందెలు పోసిన." నా వంక ఎంతో పరీక్షగా చూసి, అడగాల్సిందే అడిగింది. "అవుగని, నీ బర్రె ఏది?"

వాళ్ల ఊళ్లో ఇంటి ముందు సిమెంటు తొట్టి ఉంటే అది గొడ్లు కుడితి తాగే గోలెమే. అందులో గంజి పోయడం పుణ్యం. ఆవిడ నా ఇంటి బర్రెకి కడుపునిండా పెట్టానని సంతోషంగా ఉంది. కోపం ఎటు తిప్పాలో తెలియక అక్కడే నిలబడి ఏడ్చేశాను.

"బర్రె లేదత్తా, అండ్ల చాపలున్నయి" అంది అరుణమ్మ. తర్వాత నా వైపు తిరిగి, మీటింగులో చెయ్యెత్తిన మనిషేనా అనిపించేలా అడిగింది. "ఇప్పుడేం జెయ్యాలె, చెప్పక్కా."

కరెంటు లేదు, మా మోటారు పనిచెయ్యదు. ఉన్నది మలుపులో బోరింగు ఒక్కటే. పొద్దు వాలిపోతోంది. చలి ముసిరితే ఆ గంజి నీళ్లలో ఒక్కటి కూడా మిగలదు. నేను కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాను. "పైనుంచి ముంచి పారబొయ్యండి. అడుగు కలపొద్దు. బోరింగు నీళ్లు వెచ్చగా ఉంటాయి, అవే కావాలి. గోడ పక్క నుంచి మెల్లగా పొయ్యాలి, ధార పడకూడదు."

వంటకి తెచ్చిన బిందెలన్నీ లేచాయి. బోరింగు దగ్గర్నుంచి మా తొట్టి దాకా ఆడవాళ్లు వరుసగా నిలబడి చేతుల మీదుగా అందించారు. అంతయ్య మైకు పక్కన పెట్టి బోరింగు కొట్టాడు. కొడుతూ కొడుతూ అలవాటుగా జై తెలంగాణ అన్నాడు, అందరూ అందుకున్నారు, బోరింగు ఆ లెక్కన పడింది. కాసేపటికి ఆయన చేతులు పీకుతుంటే మావారు వెళ్లి పిడి అందుకున్నారు. నోటితో జై అనలేదు గానీ, కొట్టిన కొట్టుడు మాత్రం దానికి తగ్గట్టే కొట్టారు. ఉపేంద్ర గారు మేడ మీది నుంచి చూసి చూసి, చివరికి రెండు బక్కెట్లు పట్టుకుని దిగారు. "మెల్లగా పొయ్యండి ఉపేంద్ర గారూ, ధార కట్టొద్దన్నానా" అని కసిరాను. ఆయన సరేనండీ అన్నారు. ఆ కాలనీలో మొదటిసారి నా మాట మీద అంతమంది నడిచారు.

నీళ్లు తేటపడే వేళకి నా పాత ఫ్లెక్సీ గంజిలో తడిసి పనికిరాకుండా పోయింది. అరుణమ్మ వంటావార్పుకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ తాళ్లు విప్పి తెచ్చింది. మావారు నా చెవి దగ్గరికి వచ్చి, "మనింటి ముందు ఆ ఫ్లెక్సీ ఏంటే?" అని గొణిగారు.

"అక్షరాలు లోపలికి తిప్పి కప్పండి. చేపలకి చదువు రాదు" అన్నాను.

మర్నాడు తేలినవాటిని దోసిళ్లతో తీశాను. చాలానే పోయాయి. మిగిలినవి ఎన్నో, అసలు మిగిలాయో లేదో తెలియలేదు. చలికి అడుగున నాచు పట్టుకుని కదలవు కదా. చెయ్యి పెట్టి వెతికితే బెదిరి చస్తాయి. అలా రోజూ కప్పుతూ, తీస్తూ, ఏమీ కనబడని నీళ్లలోకి చూస్తూ శివరాత్రి దాకా ఈదాను. అరుణమ్మ అత్తగారు మాత్రం రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని, "దొరికినయా బిడ్డా?" అని అడిగేది.

శివరాత్రి పొద్దున్నే ఉపేంద్ర గారు, అంతయ్య కలిసే వచ్చారు. వెనక ఒకతను గునపంతో నిలబడ్డాడు. వీధి వీధంతా చుట్టూ చేరింది. నేను ఫ్లెక్సీ తీశాను. తేటనీళ్లు, ఆకుపచ్చ నాచు. కదలిక లేదు.

ఉపేంద్ర గారు గొంతు సవరించుకున్నారు. "మీ శ్రమ చూశామండీ. కానీ మాటంటే మాటే కదా."

"మాటే. ఇటివ్వు గునపం" అన్నాను అతనితో.

గునపం మీద అరుణమ్మ చెయ్యి పడింది. "శివరాత్రి పొద్దుగాల అంటే నీళ్ల మీద ఎండ పడొద్దా? జర ఆగున్రి."

ఎదురింటి పిట్టగోడ దాటి ఎండ రావాలి. వచ్చింది. మెల్లగా తొట్టి గట్టు దిగి, నీళ్ల మీద చెయ్యంత మేర పరుచుకుంది. ఆ వెలుగులోకి మొదట ఒక ఆడచేప వచ్చింది, కడుపు ఉబ్బి, మెల్లగా, కోడళ్లందరూ చూస్తుండగా నడిచొచ్చే నిండు చూలాలిలా. దాని వెనక రెండు, తర్వాత ఒక గుంపు. అన్నీ పొట్టితోకలే, అన్నిటి పక్కనా పసుపు మచ్చే. నాచు అంచున కంటికి ఆనని నలుసులు కదిలాయి. నాటి గంజి తర్వాత పుట్టిన పిల్లలవి. అక్కడికక్కడే నా గుండె నిండిపోయింది. చేతులు నడుం మీద పెట్టుకుని, తల ఎత్తి, ఆ వీధిలో ఉన్న ప్రతి మొహం వైపూ చూశాను. ఎవరూ తల దించమని అనలేదు.

అంతయ్య గట్టు మీద మోకాళ్లూని చాలాసేపు వంగి చూశాడు. "అమ్మా, చలికి తట్టుకునే చాపలు ఏడ దొరికినయి మీకు? ఆంధ్రకెళ్లి తెచ్చిన్రా?"

"తెచ్చినవి మొదటి ఏడే పోయాయి అంతయ్యా. ఇవి ఇక్కడ పుట్టినవి. బడంగ్‌పేటవి."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూశాడు. "అట్లయితే ఈడనే ఉంటయి" అని, గునపం అతన్ని ఇంటికి పొమ్మన్నాడు.

అరుణమ్మ అత్తగారు ఆ వారమే ఊరికి బయల్దేరింది. చేతిలో మూతున్న పాలక్యాను పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, మా ఊళ్ల దోమలు మస్తున్నయి, రెండు జంటలియ్యమంది. నేను ఏరి, చూలు నిలిచిన ఆడచేపల్నే పోసి, క్యాను ఆవిడ చేతికిచ్చాను.

"ఏడ వెయ్యాలె బిడ్డా వీటిని?"

"మీ గోలెంలోనే వెయ్యండి పెద్దమ్మా" అన్నాను. "బర్రెకి మాత్రం వేరే గోలెం చూడండి."