బక్కమ్మ వీపు కొలత

"బాపు పెట్టిపోయిన తుమ్మకర్ర వంచుతున్న" అన్నాడు వడ్రంగి పని చేసే వడ్ల వీరేశం, ఫోన్‌లో. మోత్కూర్ బజారులో రెడీమేడ్ సోఫాలు అమ్మే తమ్ముడు పరశురాంకు అది "పంచుతున్న" అని వినిపించింది. తల్లికి జ్వరమంటే తీరిక దొరకనివాడు, పంపకమనగానే దుకాణానికి తాళమేసి ఊరికొచ్చాడు. పెద్దమనిషి ఐలేశాన్నీ, రైతువేదిక దగ్గర కూర్చున్న నలుగురినీ వెంటేసుకుని వాకిట్లో దిగాడు.

ఆ కర్ర తండ్రి బండిచక్రాల కోసం దాచింది. బండ్లు పోయి ట్రాక్టర్లొచ్చాయి, కర్ర మిగిలింది. తల్లి బక్కమ్మకు గూని వచ్చింది. తమ్ముడు పంపిన సోఫాలో కూర్చుంటే ఆమె వీపుకూ సోఫాకూ మధ్య పిల్లి హాయిగా పడుకునేది. అందుకే ఆమెకు సరిపోయే కుర్చీ చేద్దామని వీరేశం ఆమె వీపు వంపును ఇనుపతీగతో కొలిచి, ఆ వంపుకే అచ్చు కోశాడు. కర్రను రేకుగొట్టంలో పెట్టి ఆవిరి పట్టించి, మెత్తబడగానే అచ్చుకు వంచి బిగించాడు. చల్లారి ఆరేదాకా విప్పకూడదు. విప్పితే కర్ర పాత బుద్ధికే పోతుంది.

అన్న వంచింది కర్రనే. తమ్ముడికి కనిపించింది వంచన.

ఊళ్లో పంపకానికో పద్ధతుంది. మాట మొదలవకముందే సొత్తు నలుగురి నడుమకు రావాలి. రానిది దాచినట్టే లెక్క. అది అమ్మ కుర్చీకని వీరేశం చెప్పి చూశాడు. అమ్మ పేరు చెప్పి ఆస్తి మింగినవాళ్లను ఐలేశం చాలామందిని చూశాడు, నమ్మలేదు.

"జర ఆగు తమ్మీ. కర్ర ఇంకా వేడి మీదున్నది."

"నేను గూడ వేడి మీదనే ఉన్న. ఇప్పు."

"సొత్తు నడుమకు రావాలె వీరేశం" అన్నాడు ఐలేశం. "గదే పద్ధతి."

వీరేశం కదల్లేదు. పరశురామే బిగింపులన్నీ ఊడదీశాడు. కర్ర మెల్లగా నిక్కి, సగం వంపు పోగొట్టుకుంది. కంగారుపడి దాన్ని తిరిగి అచ్చులోకి నొక్కాడు. ఆవిరి దిగిపోయిన కర్ర ఫట్‌మని విరిగింది.

ముక్కలు రెండు, కొడుకులిద్దరు. ఇంత చక్కని పంపకం ఐలేశం కూడా చేసి ఉండడు.

"పంచుతున్న అని నువ్వే గదనే ఫోన్ల అన్నవ్" అన్నాడు పరశురాం, గొంతు తగ్గించి.

"వంచుతున్న అన్న."

గేటు దగ్గర గుమిగూడిన వాళ్లందరికీ ఐలేశం విడమరిచి చెప్పాడు. వీడు వంచుడన్నాడట, వాడు పంచుడని విన్నాడట, అంతే సంగతట. అందరూ నవ్వారు. గడప మీద కూర్చున్న బక్కమ్మ కూడా నవ్వబోయింది. వెనక ఆనుకోవడానికేమీ లేక, తన మోకాళ్ల మీదికే వంగింది.