చాలు అన్న తర్వాత ఇంకో గరిటె

నేను ఒక గుంటగరిటెను. అట్లకాడ, చిల్లుల గరిటె, పప్పుగుత్తి నా చుట్టాలే గాని, వాళ్ళ పని పొయ్యి దగ్గరే ముగిసిపోతుంది. నేను మాత్రం గిన్నెలో మునిగి విస్తరి దాకా వెళ్ళి వస్తాను. ఆ మూరెడు దూరంలోనే నా బతుకంతా గడిచింది. ఆకలితో ఉన్న మనిషి మొహాన్నీ, కడుపు నిండిన మనిషి మొహాన్నీ నా అంత దగ్గరగా చూసినవాళ్ళు ఉండరు. చూసిన కొద్దీ నాకు మనుషుల మీద ఆశ్చర్యం పెరిగిందే గాని తగ్గలేదు.

పుట్టింది అజ్జరంలో. ఇత్తడి రేకును కొట్టి గుంట తెస్తున్న కంచరి పక్కవాడితో కబుర్లలో పడి నాలుగు దెబ్బలు ఎక్కువ వేశాడు. దాంతో నా గుంట తోటి గరిటెల కన్నా లోతయింది. లోపల కళాయి పూయించుకుని రామచంద్రపురంలో ఒక పాత్రల కొట్టుకు చేరాను గాని, అక్కడ నన్ను అడిగిన నాథుడు లేడు. ఇళ్ళవాళ్ళకు మరీ పెద్దదాన్ని, హోటళ్ళవాళ్ళకు నష్టం తెచ్చేదాన్ని. చివరికి బస్టాండు వెనక మెస్సు నడిపే కామేశం గారు వచ్చి నన్ను చేతిలో ఆడించి చూశారు.

"లోతెక్కువండి బాబూ, మీకు కిట్టదు" అన్నాడు కొట్టువాడు, అమ్మేవాడై ఉండి కూడా.

"మంచిదేనండి. వంగే పని తగ్గుద్ది" అన్నారు కామేశం గారు. అప్పటికే ఆయన మోకాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి.

కామేశం గారి మెస్సులో పులుసు బకెట్టు నాది. ఆయన వంటవాడిని పెట్టుకున్నారు గాని వడ్డన మాత్రం ఇంకొకరికి ఇవ్వలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, అది పూర్తిగా నిజం. నన్ను పైపైన తేలిస్తే పులుసు నీళ్ళే వస్తాయి. అడుగుకంటా ముంచితే ములక్కాడ, ఆనపకాయ ముక్క, అదృష్టం బాగుంటే చిన్న ఉల్లిపాయ కూడా వస్తుంది. పొరుగూరి నుంచి కోర్టు పనికి వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నవాడికి కామేశం గారు నన్ను అడుగుకంటా ముంచేవారు. పెళ్ళివాళ్ళలా నవ్వుతూ వచ్చినవాళ్ళకు పైపైనే.

ఆ మెస్సుకు వచ్చేవారిలో నన్ను తికమక పెట్టిన మనిషి సోమరాజు గారు. విత్తనాల ఆఫీసులో ఉద్యోగం, తిండి మీద అభిప్రాయాలు. రెండోదే అసలు ఉద్యోగమని ఊళ్ళో చెప్పుకునేవారు. కొత్త టిఫిను బండి పెట్టినవాడు ముందు దేవుడికి కొబ్బరికాయ కొట్టి, తరవాత సోమరాజు గారికి కబురు చేసేవాడు. "ఇడ్లీ ఎవడైనా వేస్తాడండి. చట్నీలో నీళ్ళు పోసే చెయ్యి ఎక్కడాగిందో చూడాలి" అనేవారాయన. పెసరట్టు లోపల ఉప్మా దాచేవాడికి తన ఉప్మా మీద తనకే నమ్మకం లేదనేవారు. ఏసీ హోటళ్ళలో దీపాలు తగ్గించేది అందానికి కాదనీ, వెలుతురు పెంచితే కూర కనపడిపోతుందనీ ఆయన అనుమానం. కర్రీ పాయింట్లను మాత్రం వెనకేసుకొచ్చేవారు. "ఒంట్లో బాగోనప్పుడు కూర పంపే చుట్టం లాంటిదండి అది. కాకపోతే చుట్టం రోజూ వస్తే చుట్టం కాడు."

ఆయనకు ఒళ్ళు మండేది బఫే భోజనాల మీద. "పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి మనకి మనమే వేసుకోవడమేంటండి? ఇంకొంచెం వేసుకోండి అనే మనిషే లేకపోతే అది భోజనమెలా అవుద్ది, మేత గాని!"

ఇన్ని చెప్పే మనిషి ఇంటి వంట ఊసెత్తితే నోరు కట్టేసుకునేవారు. "ఇంటి వంట మీద అభిప్రాయాలుండకూడదండి" అని నీళ్ళ గ్లాసు అందుకునేవారు. ఊరికి ఆపాటి చాలు. సోమరాజు గారి భార్య హేమావతమ్మది సీమ వైపు, పాపం చెయ్యి మంచిది కాదు, అందుకే ఆయన హోటళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు అని తేల్చేశారు. ఆమె చేతి ముద్ద తిని చూసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

నా తికమక అది కాదు. సోమరాజు గారు మధ్యాహ్నం మెస్సులో అడుగు పెట్టేసరికే ఆయన వేళ్ళకు పసుపుండేది, మీసంలో తాలింపు వాసన ఉండేది. అంటే ఇంట్లో తినే వచ్చారు. మరి మళ్ళీ ఎందుకు కూర్చుంటున్నట్టు? ఇంటి తిండి నచ్చనివాడు కక్కలేక మింగలేక వస్తాడు గాని, అలా మీసం చప్పరించుకుంటూ వస్తాడా? "ఊరికే, రుచి చూద్దామని" అంటూ ఆకు ముందు కూర్చునేవారు. నేను వంగగానే "చాలు చాలు" అనేవారు. కామేశం గారు ఇంకో గరిటె వేసేవారు. "అయ్యో, చాలన్నాను కదండీ" అని విసుక్కుంటూనే అన్నం గట్టు తెంచి పులుసును ఎదురెళ్ళి తెచ్చుకునేవారు. ఎన్నో ఏళ్ళు ఇదే తంతు.

తరవాత కామేశం గారి మోకాళ్ళు పూర్తిగా ఎదురు తిరిగాయి. మెస్సు మూసేసి బకెట్లూ బల్లలూ అమ్మేశారు. నన్ను మాత్రం సోమరాజు గారి చేతిలో పెట్టారు. "మీకు వడ్డించి వడ్డించి అరిగిందండి ఇది. మీ దగ్గరే ఉండనివ్వండి." నాకు దుఃఖం వచ్చింది. అరిగింది నేను ఒక్కదాన్నేనా? ఆయన కూడా కాదూ!

అలా పేపరు చుట్టుకుని స్కూటరెక్కి మొదటిసారి ఒక ఇంటి వంటగదిలోకి వెళ్ళాను. హేమావతమ్మ పేపరు విప్పి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. సన్నటి మనిషి, ముక్కుకు ఎర్రరాయి పుడక.

"అయితే ఇదేనా? సవతిని ఇంటికే తోడుకొని వచ్చినారే!" అంది. నవ్వుతూనే అంది. కాని నన్ను తగిలించింది మాత్రం తలుపు వెనక మేకుకు.

ఆమె సొంత గరిటె కాడ ఊడిన రోజున నాకు పిలుపొచ్చింది. ఆనాటి పులుసులో మునిగి నేను బిత్తరపోయాను. వేరుశెనగలు దోరగా వేయించి కొట్టిన పొడి, చింతపండుకు ఎదురు చెప్పకుండా పక్కన నిలబడినంత బెల్లం, మెంతి ఉందా లేదా అన్నట్టు ఒక చిన్న చేదు. కామేశం గారి ఉప్పు తిన్నదాన్ని కాబట్టి చెప్పకూడదు గాని, ఆయన బకెట్టులో ఇన్నేళ్ళు మునిగినా నాకు ఇలాంటి పులుసు తగల్లేదు. మరి ఈ మహానుభావుడు ఊరి మీద పడి ఎందుకు తింటున్నాడు? నా తల తిరిగిపోయింది.

సమాధానం ఆ పూటే దొరికింది. సోమరాజు గారు కూర్చున్నారు. ఆమె నన్ను అడుగుకంటా ముంచి, నాలుగు ముక్కలతో ఒక గరిటె పోసింది. ఆయన అలవాటుగా "చాలు చాలు" అన్నారు. నేనూ అలవాటుగా రెండో మునకకు సిద్ధమయ్యాను. ఆమె నన్ను గిన్నెలో పెట్టి మూత వేసేసింది.

సోమరాజు గారు గిన్నె వైపు చూశారు. మూత వైపు చూశారు. ఉన్న పులుసును వేళ్ళతో గీకి మరీ తిని, చెయ్యి కడుక్కుని, "అలా బజారు దాకా వెళ్ళొస్తా" అని చెప్పులేసుకున్నారు.

మేకుకు వేలాడుతూ విన్న కబుర్లను బట్టి, హేమావతమ్మ తండ్రి కదిరి దగ్గర ఒక పల్లెలో హెడ్మాస్టరు. వానలు మొహం చాటేసే ఊరు. ఆ ఇంట్లో చాలంటే చాలే. చాలన్నవాడికి మళ్ళీ వడ్డించడమంటే వాడి మాటను తీసిపారేయడం, మిగిలింది పారబోయడమంటే పండించినవాడి నోట్లో మన్ను కొట్టడం. సోమరాజు గారు పుట్టింది గోదావరి కాలవ గట్టున. ఆ ఇంట్లో మొదటి చాలు మర్యాదకు, రెండో చాలు మొహమాటానికి, విస్తరి మీదికి రెండు చేతులూ అడ్డంపెట్టి వంగిపోతేనే నిజంగా చాలు. అక్కడ అడిగి వేయించుకోవడం సిగ్గుచేటు. ధర్మవరంలో ఉద్యోగం చేస్తూ ఆమెను పెళ్ళాడిన నాటి నుంచీ ఈ పెద్దమనిషి తన ఇంట్లో తానే మర్యాదకు పోయి అర్ధాకలితో లేస్తున్నాడన్నమాట! ఆమె ఆయన మాటకు గౌరవమిస్తూ ఆయన్ను పస్తు పెడుతోంది! నాకు నవ్వాగలేదు. అంతలో ఆమె గిన్నెలో మిగిలిన పులుసును చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె ఆయనతో మాట్లాడింది. "నా వంట మీకు నోటికి పట్టదని ఊరంతా చెప్పుకుంటాండారు. ఇంత కాలం విననట్టు ఉంటి. మెస్సు మూసినాక ఇంట్లో తింటారేమో అనుకుంటి, ఇప్పుడు బండ్ల మీద పడినారు. ఇంక నాకూ ఓపిక లేదు. అన్నం వరకు నేను వండుతా. కూర, పులుసు కర్రీ పాయింటులో తెచ్చుకోండి."

సోమరాజు గారు నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"ఇన్నేండ్లు మీకు అన్నం పెట్టిన కామేశం గారికి ఒక పూట పెట్టాల. రేపు ఆదివారం పిలవండి. అదే నా ఆఖరి వంట" అంది ఆమె.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉంటే కదా! నోరున్నా బాగుండేది. గుంట ఉంది గాని నోరు లేదు.

ఆదివారం కామేశం గారు కర్ర పట్టుకుని వచ్చారు. నేల మీద కూర్చోలేరు కాబట్టి హేమావతమ్మ ఇద్దరికీ బల్ల మీద అరిటాకులు వేసింది. ముందు కామేశం గారి ఆకులో ఒక గరిటె పులుసు వేసి పక్కన నిలబడింది, పరీక్ష రాసిన పిల్లలా.

కామేశం గారు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "అమ్మా, నా మెస్సులో వంటోడు ఇది ఒక్కసారి తినుంటే సిగ్గుతో మానేసి వెళ్ళిపోయేవాడమ్మా."

ఆమె నమ్మలేదు. భోజనానికి వచ్చినవాళ్ళు అలాగే అంటారు కదా. సోమరాజు గారి ఆకులో ఒక గరిటె వేసింది. "చాలు చాలు" అన్నారాయన. ఆమె నన్ను వెనక్కి తీసుకోబోయింది.

కామేశం గారి చెయ్యి ఆగలేదు. ఎన్నో ఏళ్ళు వడ్డించిన చెయ్యి అది, ఆయన మాటే వినదు. గభాలున ఎడంచెయ్యి చాచి నన్ను ఆమె చేతిలోంచి లాక్కుని, అడుగుకంటా ముంచి సోమరాజు గారి ఆకులో కుమ్మరించారు. "అయ్యో, చాలన్నాను కదండీ" అంటూనే సోమరాజు గారు గట్టు తెంచారు. అది ముగిసేలోగా ఇంకో గరిటె. అదీ పోయింది.

హేమావతమ్మ మొహంలో రంగులు మారాయి. "చాలన్నారు కదా! ఏంటికి వేసినారు?"

"చాలన్నారు కాబట్టే వేసేనమ్మా" అన్నారు కామేశం గారు, ఇందులో అడగడానికేముందన్నట్టు. "వద్దంటే ఎందుకు వేస్తానండి?"

ఆమె ఆయన వైపు చూసింది, తరవాత భర్త ఆకు వైపు చూసింది. ఆకు తళతళలాడుతోంది.

"ఏమండీ, నిజం చెప్పండి. మీరు చాలంటే చాలని కాదా?"

సోమరాజు గారు తల దించుకున్నారు. "అంటే... మొదటిది ఎవరైనా అంటారు కదా, హేమా."

"మా ఊర్లో అనరు."

"నువ్వు మూత పెట్టేసేదానివి. నా పొట్ట చూసి తగ్గిస్తున్నావేమో అనుకున్నా. మన ఇంట్లో మనం అడిగి వేయించుకుంటే ఏం బాగుంటుందని..."

"వంట బాగుందని ఒక్క నాడైనా చెప్పినారా?"

"సొంత ఇంటి వంటను పొగుడుకుంటారా ఎవరైనా? డప్పు కొట్టుకున్నట్టుండదూ!"

హేమావతమ్మ కుర్చీలో కూలబడింది. ముందు కన్నీళ్ళొచ్చాయి. తరవాత నవ్వొచ్చింది. రెండూ కలిసిపోయి ఏది ఏదో ఆమెకే తెలియలేదు. కామేశం గారు మాత్రం చోద్యం చూస్తూ, ఎవరూ వడ్డించకపోయేసరికి తన ఆకులో తానే ఇంకో గరిటె వేసుకున్నారు. బతుకులో మొదటిసారి బఫే భోంచేశారు మానవుడు.

కామేశం గారిని సోమరాజు గారు రిక్షా ఎక్కించి వచ్చాక ఆమె తన ఆకు వేసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఆమెది ఎప్పుడూ కడపంక్తే, వడ్డించే మనవాడు ఎవరూ ఉండరు. ఆవేళ సోమరాజు గారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. హోటలు వడ్డన మీద అన్ని తీర్పులు చెప్పిన మనిషికి గరిటె ఎటు పట్టుకోవాలో తెలియదు. కాడ తలకిందులుగా పట్టుకుని, సగం బల్ల మీద ఒలికించి, ఎలాగో ఒక గరిటె వేశారు.

"చాలు" అంది ఆమె.

ఇందాకే చెంపదెబ్బ తిన్నంత పాఠం నేర్చిన మనిషి కదా, వెంటనే ఆగిపోయారు. ఆమె మాటకు విలువిచ్చి నన్ను గిన్నెలో పెట్టి, జాగ్రత్తగా మూత వేశారు.

హేమావతమ్మ తల ఎత్తలేదు. అన్నంలో వేలితో గట్టు తెంచుతూ, మెల్లగా అంది.

"అది మా ఊరి చాలు కాదు."

ఆయన మూత తీసి, నన్ను అడుగుకంటా ముంచారు.