మొదటి ప్రశ్న దగ్గరే

"సగం టైము అయిపోయింది!" అని ఇన్విజిలేటరు అరిచేసరికి వరసక్క ఇంకా మొదటి ప్రశ్న మీదే ఉంది.

ఆస్పత్రిలో ఆ ఆయాని అందరూ అలాగే పిలుస్తారు. మొదటి మంచం తుడవనిదే రెండో మంచం ముట్టదు. పరీక్ష పాసైన ఆయాలు పర్మినెంటు, తప్పినవాళ్లు రేపట్నుంచి ఇంటికే. ఆమె ఇంట్లోనూ ఒక మంచం ఉంది, దాని మీద లేవలేని మొగుడున్నాడు. అతని మందులకి ఆధారం ఈ జీతమే.

మొదటి ప్రశ్న, నేల తుడిచే మందు నీళ్లలో ఎన్నో వంతు కలపాలన్న లెక్క. స్టోరు నుంచి కలిపిన డబ్బాలే వచ్చేవి గనక ఆమె ఏనాడూ కలిపింది లేదు. లెక్కతో కుస్తీ పట్టింది. లెక్కే గెలిచింది. చెమటకి కాగితం తడిసింది. బెల్లు కొట్టేశారు.

సాయంత్రం ఫలితాలు అంటించారు. వరసక్క తప్పింది. లాండ్రీలో దుప్పట్లు మడిచే మడతత్త గట్టెక్కింది. వరసకి ఏమీ కాకపోయినా ఆవిడ అందరికీ అత్తే.

"నీకూ ఆ మందు లెక్క వచ్చిందా అత్తా?"

"వచ్చిందే, ఆఖర్న. మొదట చేతులెలా కడుక్కోవాలో అడిగారు. అది రాయగానే ధైర్యమొచ్చి తక్కినవి లాగించేశా. లెక్క దగ్గర మాత్రం చేతులు కడిగేసుకున్నా!"

వరసక్క నవ్వలేదు. తిన్నగా ఆఫీసరు గదిలోకి నడిచింది. మడతత్త వెనకాలే వెళ్లి గుమ్మంలో ఆగింది.

"అందరికీ అవే ప్రశ్నలమ్మా. చూసి రాయకుండా వరస మార్చాం, అంతే," అన్నాడు ఆఫీసరు.

"అత్తకి మెట్లెక్కాక గోడొచ్చింది సార్. నాకు ముందే గోడ పెట్టి, దానవతల మెట్లు పెట్టారు."

"రానిది వదిలేసి ముందుకెళ్లాలి. ఆమాత్రం తెలీదా?"

"ఒక మంచం వదిలేసి ముందుకెళ్లినందుకు నా జీతం కోసింది మీరే కద సార్."

ఆఫీసరు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టు."

"విప్పను. అత్తనడిగిన వరసలోనే నన్నూ అడగండి. అప్పుడూ రాకపోతే నేనే విప్పుతా."

"నీకు మళ్లీ పెడితే తప్పినవాళ్లందరికీ పెట్టాలి!"

"పెట్టండి."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "నువ్వు పాసయ్యావుగా, ఇంకేంటి? అనవసరంగా దీంట్లో దూరి ఉద్యోగం పోగొట్టుకోకు. జరుగు!"

అది మడతత్త పదేళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగం.

ఆయన ఫ్యానాపి, లైటార్పి, సంచీ భుజాన వేసుకున్నాడు. గది మసకబారింది. వరసక్క బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. బయటికి పోవాలంటే మడతత్త తప్పుకోవాలి. ఆవిడ రెండు చేతులూ గుమ్మానికి ఆనించి, తల దించుకుని, అక్కడే నిలబడింది.