గుడ్డలతో పిండిన సరుకు

ప్లుటోనియం అన్న మాట మా ఫ్యాక్టరీలో పొరపాటున కూడా అనకూడదు. "సరుకు" అనాలి. అమెరికావాళ్ళు నాగసాకి మీద వేసిన బాంబులో ఉన్నది అదేనట. మనకూ అలాంటి బాంబు కావాలని మాస్కోకు ఒకటే తొందర. ఉరాల్ కొండల వెనక, పటంలో లేని ఊళ్ళో, ఆ సరుకును గ్రాము గ్రాము కూడబెట్టేది మాత్రం మాలాంటి ఆడపిల్లలే.

1949 మార్చిలో ఆ రోజు నాకు ఆఖరి షిఫ్టు. నాకప్పుడు మూడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళను సరుకు దగ్గర ఉంచకూడదని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ నా పెట్టెలోనే ఉంది. ఈ ఒక్కపూట గడిచాక ఇద్దాంలే అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పదింటికి క్లావా కేక వినిపించింది. నాతో పనిచేసే ఇరవై ఏళ్ళ పిల్ల. నిండి ఉన్న తొట్టిలోకే చూసుకోకుండా మళ్ళీ సరుకు కరిగిన ద్రావణం వదిలింది. అది పొర్లి నేలంతా పారింది.

"రిమ్మక్కా, నా పని అయిపోయింది! నాన్నని తీసుకెళ్ళినట్టే నన్నూ తీసుకెళ్తారు."

నిజమే. వాళ్ళ నాన్నను దేశద్రోహి అని పట్టుకుపోయారు. ఆ సంగతి దాచి ఉద్యోగంలో చేరింది. సరుకు తగ్గితే ఆరా తీస్తారు. ద్రోహి కూతురు కావాలనే ఒలకబోసిందంటారు.

"ఏడుపాపి గుడ్డలు తే!"

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డలతో అద్ది బకెట్లోకి పిండసాగాం. చేతి తొడుగులకు చిరుగులు. మధ్యలో నా చెయ్యి పొట్ట మీదికి పోవడం క్లావా చూసింది.

"అక్కా, నువ్వు వట్టి మనిషివి కావా? లే! లేచి పో ఇక్కణ్ణించి!"

"నువ్వొక్కదానివే తుడిస్తే సాయంత్రమవుతుంది. రెండింటికి కొలుస్తారు. నోరు మూసుకుని పిండు."

"నీ కాళ్ళు పట్టుకుంటానక్కా!"

"పట్టుకోకు, కాళ్ళ నిండా సరుకే."

భయం వేయలేదంటే అబద్ధం. గుడ్డ పిండిన ప్రతిసారీ 'నన్ను క్షమించు తల్లీ' అని లోపలి బిడ్డను వేడుకున్నాను. రెండుసార్లు లేచాను. క్లావా మొహం చూసి రెండుసార్లూ మళ్ళీ కూర్చున్నాను.

రెండింటికి కొలిచారు. సరిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

తొమ్మిదో రోజు కడుపు పోయింది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని సూటిగా అడిగింది.

"ఆ ఆఖరి షిఫ్టులో ఏమైనా ఒలికిందా? నా దగ్గర దాచకు."

పాలసీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది క్లావా. పాలిపోయిన మొహంతో నోరు తెరవబోయింది. నేనే ముందు అందుకున్నాను.

"లేదండీ. మంచు మీద జారిపడ్డాను."

"కడుపుతో ఉన్నదానివి, ఆ మాత్రం చూసుకుని నడవక్కర్లేదా? నువ్వేం తల్లివమ్మా!"

"తప్పు నాదేనండీ" అన్నాను.