గంగమణి నూరిన తొక్కు

పెర్కిట్ ఊళ్ళో గంగమణికి రోజూ తెల్లారేది రోటి దగ్గరే. పచ్చిమిరపకాయలు వేయించి, వెల్లుల్లి, చింతపండు వేసి తొక్కు నూరేసరికి కళ్ళు మండేవి, ముక్కు కారేది, చేతుల మంట సాయంత్రం దాకా చల్లారేది కాదు. ఇంత చేస్తే, మొగుడు భోజన్న రొట్టెతో కాస్త నంజుకుని మొహం చిట్లించేవాడు.

"ఏందే, మిరపకాయలు లేవా ఇంట్ల? నోరు జర గూడ సుర్రుమంటలేదు."

అంటూనే గిన్నె ఊడ్చేసేవాడు. మగవాడు తిన్నాకే ఆడది తినే ఇల్లది. పెళ్ళయిన నాటి నుంచి గంగమణికి ఆ తొక్కు మిగిలిన పాపాన పోలేదు.

తిన్నాక భోజన్న ఒళ్ళు సెగలు కక్కేది. వానాకాలంలో ఇరుగుపొరుగు వాళ్ళు అతని చుట్టూ దండెం కట్టి తడి బట్టలు ఆరేసుకునేవారు. భోజన్న ఒంటి వేడే వేడని మెచ్చుకునేవారు. నూరిందెవరో ఒక్కరూ అడగరు. గంగమణికి ఒళ్ళు మండిపోయేది.

1992లో అతని కడుపులో పుండ్లయ్యాయి. కారం ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాఘంలోనే, ఉడకబెట్టిన పసుపు కళ్ళంలో ఆరబోసిన మర్నాడే ముసురు పట్టింది. పసుపంతా ఇంట్లోకి మోశారు. కొమ్ములు జిగటగా తయారై ముక్కవాసన మొదలైంది. ఇట్లాగే ఉంటే ఆర్మూరు మార్కెట్లో ఎవరూ ముట్టరు, ఏడాది కష్టం పెంటలో పొయ్యాల్సిందే.

భోజన్న మొహం మాత్రం వెలిగింది. "ఇగ తప్పదు. తొక్కు నూరు. తిని పసుపు నడుమ కూసుంట."

"పుండ్లు పెట్టుకొని తొక్కు తింటవా? సస్తవయ్యా!"

"పసుపు ఖరాబైతె బతుకుతమా?"

గంగమణి రోటి ముందు కూర్చుంది. తిట్టుకుంటూ నూరింది. నూరడం అయ్యీ కాకముందే గిన్నె కోసం అతను చెయ్యి చాచేసరికి ఆమెకు ఓపిక చచ్చింది. ఆ చేతిని తోసేసి, పసుపు కుప్పల మధ్య చతికిలబడి, రొట్టె తుంచి తానే తినసాగింది.

మొదటి ముక్కకు చెవులు గుయ్యిమన్నాయి. రెండోదానికి ఏడుపొచ్చింది. మూడోదానికి మంట వెనక నుంచి వెల్లుల్లి కమ్మదనం, చింతపండు పులుపు మెల్లగా తేలాయి, ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ ఇంత రుచి ఒక్కడే మింగాడా అని కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె ఒంటి సెగకు చుట్టూ పసుపు ఆవిర్లు కక్కుతోంది.

"జర రుచి సూపియ్యవే," అన్నాడు భోజన్న గడప దగ్గర నిలబడి.

"పుండ్లు మానినంక సూద్దాం. పోయి రేపటికి మిరపకాయల తొడిమెలు తియ్యి."

ముసురు విడిచేదాకా రోజూ ఆమే తింది. కొమ్ము విరిస్తే టక్కుమనేలా పసుపు ఎండింది, మంచి ధరకు పోయింది. ఎండాకాలానికి భోజన్న పుండ్లూ మానాయి. అయినా ఆ ఇంట్లో గంగమణే ముందు తినేది. గిన్నెలో తొక్కు ఏమైనా మిగులుతుందా అని భోజన్న పక్కనే కూర్చుని చూస్తుండేవాడు.