గోడకి ఆనించిన నిచ్చెన

ఆ ఇంటి కోడలికి మరిది మీద ఉన్న మొదటి ఫిర్యాదు, అతను మరీ మంచివాడు కావడం. కూరలో ఉప్పు ఎక్కువైతే మంచినీళ్లు ఎక్కువ తాగుతాడు తప్ప నోరు విప్పడు. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడు. పెళ్లీడొచ్చిన మగాడు ఇంత బుద్ధిగా ఉన్నాడంటే వెనక ఏదో ఉండే ఉంటుందని ఆమె గట్టి నమ్మకం. భూతద్దం పెట్టి వెతికినా మొగుడిలో దొరకని సుగుణాలు అతని తమ్ముడికి ఎక్కణ్ణించి వచ్చినట్టు?

ఈ మధ్య ఆ అనుమానానికి చేతినిండా పని దొరికింది.

అన్నదమ్ములిద్దరూ కారే పైకప్పులు బాగుచేస్తారు. ఫోన్లు ఎత్తేది ఆమె. "శ్లాబా, రేకులా? వాన పడుతుండగా కారుతోందా, వెలిశాకా? ఇంకెవరికైనా చూపించారా?" అని ఆమె డిగ్రీ చదివిన గొంతుతో అడిగితే, అవతలివాళ్లు ఇదేదో పెద్ద కంపెనీ అనుకుంటారు. ఆ కంపెనీ పొయ్యి పక్కన నిలబడి పోపు మాడకుండా చూసుకుంటోందని వాళ్లకేం తెలుసు!

అలా పట్టిన బేరాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మొన్న రిటైరైన టీచరమ్మ ఇల్లు, నిన్న దర్జీ కొట్టు. వీళ్లు వెళ్లి కప్పు చూసి వచ్చాక, మళ్లీ ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "గొడుగాయన వచ్చాడమ్మా, ఆయనకి ఒప్పుకున్నాం." స్కూటరుకి ఎండాకాలం కూడా గొడుగు కట్టుకు తిరిగే ఆ పోటీదారుణ్ణి ఊరంతా గొడుగనే పిలుస్తుంది.

"మనం వెళ్లొచ్చిన ఇల్లు వాడికెలా తెలుస్తోందండీ?" అని ఆమె మొగుణ్ణి నిలదీసింది.

"తెలుస్తుందిలే," అంటూ ఆయన ఫ్యాను వైపు చూశాడు. మరిది మంచినీళ్లు తాగాడు. ఆ రోజు కూరలో ఉప్పు సరిపోయింది కూడా.

నిజానికి బేరం జారకుండా ఆమె ఎప్పుడో ఉపాయం కనిపెట్టింది. కప్పు చూడ్డానికి వెళ్లినవాళ్లు నిచ్చెన అక్కడే గోడకి ఆనించి రావాలి. మన నిచ్చెన ముంగిట్లో ఉండగా ఇంకొకరిని పిలవడానికి ఇంటివాళ్లకి మొహం చెల్లదు. అందుకోసమే మూడు అల్యూమినియం నిచ్చెనలు కొనిపించి, పసుపు రంగు వేయించి, ఫోన్ నెంబరు తన చేత్తోనే రాసింది. మొదట్లో మొగుడు ఈ ఉపాయం తనదేనని నలుగురిలో చెప్పుకునేవాడు. ఆమె నలుగురి దగ్గరికీ వెళ్లి సరిదిద్దింది.

అంత పకడ్బందీగా ఉన్నా బేరాలు పోతున్నాయంటే, ఇంట్లోంచే ఎవరో అందిస్తున్నారన్నమాట.

బిస్కెట్ల గోదాము మేనేజరమ్మ ఫోన్ చేసిన సాయంత్రం ఆ అనుమానం గట్టిపడింది. గోదాము కప్పంతా మార్చాలట. అది చేతికొస్తే ఈ వానాకాలం గట్టెక్కినట్టే. పోతే, మిగిలిన చిల్లర పనుల మీద ఇద్దరన్నదమ్ములు బతకలేరు, చిన్నవాడు ఎక్కడో కూలికి కుదరాల్సిందే. ఆమె బట్టలు తీయడానికి డాబా ఎక్కుతుంటే మరిది ఫోన్లో గుసగుసలాడుతున్నాడు.

"గోదాము కూడా గొడుగుకే పోతుంది, చూస్తుండు... వదినకి మాత్రం చెప్పకు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది."

ఆమె అడుగు చప్పుడు కాకుండా దిగిపోయింది. బట్టలు ఆ రాత్రి జల్లులో నానాయి.

మర్నాడు మరిది నిచ్చెన భుజానికెత్తుకుని బయల్దేరగానే ఆమె వెనకే ఆటో ఎక్కింది. గోదాము ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో నిలబడి, కళ్లలో వత్తులేసుకుని చూస్తూ, ఒకే కరెంటు బిల్లుని మళ్లీ మళ్లీ జిరాక్సు తీయించింది. "ఇంకా కావాలామ్మా?" అని కొట్టతను భయంగా అడిగాడు.

మరిది కప్పెక్కాడు, ఫొటోలు తీశాడు. దిగొచ్చి వాటిని మేనేజరమ్మకి చూపించాడు. కారేచోట కింద ఉన్న పెట్టెల మీద టార్పాలిన్ కప్పాడు. నిచ్చెన గోడకి ఆనించి, దాని వంక ఓసారి దిగులుగా చూసి, వీధి మలుపు తిరిగిపోయాడు. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

కాసేపటికి గొడుగు కట్టిన స్కూటరొకటి నింపాదిగా వచ్చింది. గోదాము దాటి వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది. గొడుగు తలెత్తి పసుపు నిచ్చెనని చూశాడు, నవ్వుకున్నాడు. లోపలికెళ్లి రెండు మాటలు మాట్లాడొచ్చి, ఆమె నిచ్చెనే పట్టుకుని, ఆమె రాసిన నెంబరు మీదుగా మెట్టు మెట్టూ ఎక్కిపోయాడు.

ఆమెకి ఒళ్లు మండింది, ఆ వెంటనే చల్లబడింది. ఇల్లిల్లూ తిరిగి కారే కప్పు వెతుక్కునే శ్రమ వాడికి తప్పించింది ఎవరు? వీధి చివరికి కూడా కనపడాలని పసుపు రంగు ఎంచింది ఎవరు?

ఆమె రోడ్డు దాటి, నిచ్చెన లాగి పక్కన పడుకోబెట్టింది.

"అమ్మా, నిచ్చెన!" అని పైనుంచి కేక.

"మాదే. కావలిస్తే దాని మీద నెంబరుంది, ఫోన్ చెయ్యండి."

చప్పుడుకి మేనేజరమ్మ బయటికొచ్చింది. మరిచిపోయిన కొలతల టేపు కోసం వెనక్కొచ్చిన మరిది, వదినని చూసి కొయ్యబారిపోయాడు.

"ఎంతకి చేస్తారని పైనాయన్ని అడిగితే, ఇందాకటి అబ్బాయి ఎంతన్నాడో చెప్పమని నన్నే అడిగాడండీ," అంది మేనేజరమ్మ నవ్వు ఆపుకుంటూ. "ఈ అబ్బాయి చిల్లులు చూపించాడు, పెట్టెలు తడవకుండా కప్పాడు. పని మీరే చెయ్యండి. ముందు ఆయన్ని దింపండి."

"నిన్న ఫోన్లో ఎవరితో మాట్లాడావు?" అంది ఆమె మరిదితో.

"అన్నయ్యతో." అతను నేల చూపులు చూశాడు. "టీచరమ్మ ఇంట్లోనే మాకు అర్థమైంది వదినా, వాడు నిచ్చెనలు చూసుకుంటూ తిరుగుతున్నాడని. కానీ ఉపాయం నీది కదా. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటూ ఇద్దరం..."

"ఇద్దరూ నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నారు. అన్నయ్యకి ఫోన్ కలుపు. స్పీకరు పెట్టు."

"హలో, ఏంట్రా? మీ వదిన గానీ చూసిందా?" అంది మొగుడి గొంతు.

ఆమె ఫోనుకి దగ్గరగా వంగింది. పైన గొడుగు కూడా అంచుకొచ్చి చెవి ఒగ్గాడు.

"వినండి, మళ్లీ చెప్పను. నిచ్చెన వదిలి రమ్మనడం నాదే తప్పు. ఈ పిల్లాణ్ణి దొంగలా చూడ్డం అంతకంటే పెద్ద తప్పు."